అడ్డుమాటల గౌరసాని

తెలతెలవారుతున్న వేళ, ఏనుగుతొండం జలపాతం మీద వేలాడుతున్న ఒక వెదురు పంజరంలో గౌరసాని కళ్ళు తెరిచింది.

పైకి చూస్తే తన ఇంటి చూరు కనిపించలేదు. కిందికి చూస్తే నేల కనిపించలేదు. పది తాటిచెట్లను ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినంత లోతున నీళ్ళు నురగలు కక్కుతూ సుడులు తిరుగుతున్నాయి. పంజరానికి ఉన్న ఆధారమల్లా కొండకొమ్ముకు కట్టిన ఒక్క తాడు. గట్టు మీద గద్దముక్కు భటులు ఇద్దరు బల్లేల మీద గడ్డాలు ఆనించి కునుకు తీస్తున్నారు.

ఇంకొకరైతే ఆ లోతు చూసే గుండె ఆగి పోయేవారు. గౌరసాని మాత్రం పంజరం అల్లికను వేళ్ళతో తడిమి ముక్కున వేలేసుకుంది. పచ్చి వెదురును ఆరబెట్టకుండా చీల్చారు. ముడులన్నీ లోపలివైపుకే పెట్టారు. ఇంత అధ్వాన్నమైన పని ఆమె తన యాభైఆరేళ్ళ బతుకులో చూడలేదు. మేదరివాడలో పుట్టి, మాటలకంటే ముందు తట్ట అల్లడం నేర్చిన మనిషిని వెదురు పంజరంలో బంధించడమంటే, చేపను చెరువులో ముంచి శిక్షించడమే.

ఎవరి పని ఇదని ఆమెకు అనుమానం కలగలేదు. నిన్న సాయంత్రం రాజవైద్యుడు ఉలూకదత్తుడు పంపించాడని ఒక మనిషి వచ్చి తాంబూలం ఇచ్చాడు. నోట్లో పెట్టుకోవడం గుర్తుంది. ఆ తర్వాతది గుర్తులేదు.

వావిలిదుర్గానికి రాజున్నా, ఆ రాజుకు పైన సభ ఉంది. అది నూటపది పీఠాల సభ. ఉప్పువాడకు ఒక పీఠం, కుమ్మరివాడకు ఒకటి, పడవలవారికి ఒకటి, అలా ప్రతి వాడకూ ఒకటి. మేదరివాడ పీఠం ఇరవై రెండేళ్ళుగా గౌరసానిది. సభ నడకకు మూడువందల పన్నెండు నియమాలను పెద్దలు ఏనాడో రాగిరేకుల మీద చెక్కించారు. ఏ నియమం తప్పినా పీఠస్థులు ఎవరైనా లేచి, పీఠాన్ని అరచేత్తో మూడుసార్లు చరచవచ్చు. దాన్ని అడ్డుమాట అంటారు. అడ్డుమాట పడ్డాక సభాపతి తీర్పు చెప్పేదాకా సభలో మరో పని జరగడానికి వీల్లేదు. అయితే ఒకే రోజున మూడు అడ్డుమాటలు వీగిపోతే ఆ మనిషి పీఠం ఊడిపోతుంది. మళ్ళీ ఈ జన్మకు రాదు.

గౌరసాని పీఠమెక్కిన తొలి ఏడాది, పీఠస్థులు సగంమంది భోజనాలకు వెళ్ళిన సమయం చూసి, మేదరివాడ వెదురుతోపును ఎవరికో రాసిచ్చేశారు. అలా చేయకూడదని నియమం ఉంది. అది ఆమెకు తెలియదు. ఆ ఏడాది మేదరివాడలో పొయ్యిలు సరిగ్గా వెలగలేదు. అప్పుడు ఆమె సభాభవనపు నేలమాళిగలో కూర్చుని మూడువందల పన్నెండు నియమాలూ కంఠస్థం చేసింది. అప్పటినుంచీ ఆమె అడ్డుమాట వేయని రోజు లేదు. ఆమె లేచిందంటే పీఠస్థులు మూలుగుతారు. పిల్లలు వీధిలో 'అడ్డుమాటల గౌరసాని' ఆట ఆడుకుంటారు.

మూడు నెలల కిందట వేటకు వెళ్ళిన జయభూపతి మహారాజు తిరిగి రాలేదు. రాజవైద్యుడిగా చేరిన ఉలూకదత్తుడు మెల్లగా సింహాసనం పక్కకు చేరాడు. మూడు పున్నములు రాజు జాడ లేకపోతే, మూడో పున్నమి నాటి సూర్యాస్తమయంలోగా సభ నాగముద్రికను మరొకరికి ఇవ్వవచ్చు. సభ సమ్మతితో ఆ ఉంగరం తొడుక్కున్నవాడికి కోటవాకిళ్ళలోని రాతిసింహాలు ప్రాణం పోసుకుని ఊడిగం చేస్తాయి. ఆ తర్వాత వాడిని దించేవారు ఉండరు. పొద్దుగుంకేలోగా సభ తేల్చకపోతే మాత్రం, నలభై రోజులదాకా ఆ మాట ఎత్తకూడదు.

మూడో పున్నమి ఈరోజే.

పొగమంచు కాస్త పలచబడేసరికి గౌరసానికి మరో సంగతి తెలిసింది. జలపాతం పొడుగునా ఇంకా పంజరాలున్నాయి. ఒక దాంట్లోంచి ఉప్పువాడ భైరవయ్య ఉలూకదత్తుడి ఏడు తరాలనూ వరసపెట్టి తిడుతున్నాడు. మరో దాంట్లోంచి పడవలవారి పీఠస్థురాలు చామమ్మ, తిట్టు చాలడం లేదని భైరవయ్యను ఎగదోస్తోంది. గౌరసాని లెక్కపెట్టింది. తనది కాక ముప్పైనాలుగు పంజరాలు. అందరూ సభలో ఉలూకదత్తుడికి ఎదురు నిలవగలవాళ్ళే.

ఆమె ఇక ఆలస్యం చేయలేదు. అల్లికలో అన్నిటికంటే చివర పెట్టిన బద్ద ఏదో వెతికి పట్టి లాగింది. పంజరం తట్టబుట్టలా విప్పుకుంటూ వచ్చింది. ఊడిన బద్దనల్లా నానిన తాడులా మెలిపెట్టి, కొక్కేల నిచ్చెన అల్లుతూ, కాళ్ళ కింద అడుగు మాయమయ్యేలోగా ఆ నిచ్చెనను కొండకొమ్ముకు విసిరింది. అది పట్టుకుంది. ఆమె పాకడం మొదలుపెట్టింది.

సగం దూరం పాకేసరికి భటుల్లో ఒకడు మేలుకున్నాడు. బల్లెం ఆమె చెవి పక్కనుంచి దూసుకుపోయి రాతికి తగిలి నిప్పులు రాల్చింది. రెండోవాడు గొడ్డలి ఎత్తి నిచ్చెన మీద వేశాడు. నిచ్చెన తెగింది. గౌరసాని జలపాతంలోకి రాయిలా జారిపోయింది.

నీళ్ళు తగలలేదు. గడ్డివామి మీద పడ్డట్టు మెత్తగా ఒక రెక్క మీద పడింది. ఆ రెక్కకు ఒక మెడ, ఆ పక్కన మరో మెడ, రెండు తలలకూ పగడపు రంగు ముక్కులు. రెండు మెడల మధ్య కూర్చున్నవాడు ఆమె ఇంట్లో నెలరోజులుగా వెదురు కొట్టే పనికి కుదిరిన ఇంద్రుడనే కుర్రాడు.

"పెద్దమ్మా, గట్టిగా పట్టుకో" అన్నాడు వాడు.

వాడి అసలు పేరు ఇంద్రకేతుడనీ, నాగవల్లీపురం యువరాజనీ, తన తండ్రికి ప్రాణమిత్రుడైన జయభూపతిని వెతుక్కుంటూ మారువేషంలో వచ్చాడనీ, కొండచిలువ నోటినుంచి తన పిల్లను కాపాడినందుకు ఈ గండభేరుండ పక్షి వాడి మాట వింటోందనీ దారిలో చెప్పుకొచ్చాడు. గౌరసానికి పక్షి సంగతి కొత్త గాని మిగతాది కొత్త కాదు. కత్తిని వెదురు మీద వేయకుండా వెదురుతో యుద్ధం చేస్తున్నట్టు పట్టుకునేవాడు కూలివాడు కాడని మొదటిరోజే గ్రహించిందట. రాచబిడ్డను గంజి తాగించి పనిచేయించుకున్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పింది. ఆ గంజి రుచి తనకు ఇంటిదగ్గర దొరకదని వాడన్నాడు.

పంజరాల్లో ఉన్నవాళ్ళను విడిపించి సభకు చేర్చమని ఆమె వాడికి అప్పజెప్పింది. చివర పెట్టిన బద్దను మొదట లాగాలని మూడుసార్లు చేసి చూపించింది. వాడు తల ఊపాడు. ఆ ఊపడం చూస్తే వాడికి ఒక్క ముక్క ఎక్కలేదని తెలుస్తూనే ఉంది. అయినా వేరే దారి లేదు.

"నువ్వు వచ్చేదాకా నేను సభను ఆపుతాను. పొద్దుగుంకితే మనదే గెలుపు, గుర్తుపెట్టుకో" అంది.

అప్పటికి సూర్యుడు పూర్తిగా పైకొచ్చాడు. వావిలిదుర్గం కింద పరుచుకుని ఉంది. ఏడు ప్రాకారాలు, ఏడు రంగుల రాళ్ళు. ప్రాకారానికీ ప్రాకారానికీ నడుమ నీలిపూల వావిలి వనాలు, తేనెటీగల రొద, గాలికి ఊగే ధ్వజపటాలు, పసుపునీళ్ళు చల్లిన వీధులు. నట్టనడుమ, కొండశిఖరం మీద, నూటపది చంద్రకాంత శిలాస్తంభాలతో సభామంటపం, విప్పారిన తామరపువ్వును బోర్లించినట్టు వెలుగుతోంది. దాని నడినెత్తిన కప్పు ఉండదు. ఆకాశం చూస్తుండగా తప్పు చేయడానికి ఎవరైనా జంకుతారని కట్టించినవారి నమ్మకం. ఆ ఖాళీలోంచి పడే ఎండలో నిలబెట్టిన స్తంభం నీడే సభకు గడియారం. నీడ తూర్పున నేలలో పొదిగిన ఎర్రరాతి గీతను తాకితే పొద్దుగుంకినట్టు.

పక్షి ఆమెను మెట్ల ముందు దించి జలపాతం వైపు మళ్ళింది. వాకిట ఆయుధాలు తీసుకునే ద్వారపాలకుడు గౌరసానిని చూసి కొయ్యబారిపోయాడు. ఎందుకంటే ఆమె గంట కిందటే లోపలికి వెళ్ళిందట.

లోపల ఆమె పీఠం మీద ఆమే కూర్చుని ఉంది.

అదే ముడి, అదే బొట్టు, కుడిచేతి మీద అదే కత్తిగాటు. ఆ పక్క ఉప్పువాడ పీఠం మీద భైరవయ్య, పడవలవారి పీఠం మీద చామమ్మ, ఇందాక పంజరాల్లో తిడుతూ ఉన్నవాళ్ళందరూ తడి లేని బట్టలతో, నిద్రపోయి లేచిన ముఖాలతో బుద్ధిమంతుల్లా కూర్చుని ఉన్నారు. రాజపీఠం పక్కన ఉలూకదత్తుడు నిలబడి ఉన్నాడు. గుండ్రటి రెప్పవాల్చని కళ్ళు, బూడిదరంగు శాలువా. వాడి ముందు పట్టుదిండు మీద నాగముద్రిక.

గౌరసానికి తన పీఠం దొరకలేదు గనక, దాని పక్క స్తంభాన్నే మూడుసార్లు చరిచింది. చప్పుడుకు పావురాలు లేచాయి.

సభాపతి ప్రోలనామాత్యుడికి ఎనభై ఏళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఈమె అడ్డుమాటలు విని విని రాత్రిపూట కణతలకు లేపనం రాసుకుని పడుకునే మనిషి. ఆయన ఇద్దరు గౌరసానులనూ మార్చి మార్చి చూశాడు. ఒక పీఠానికి ఇద్దరు మనుషులున్నారు, ముందు అది తేల్చాలని నిలబడ్డ గౌరసాని అడిగింది. కూర్చున్న గౌరసాని తీయగా నవ్వింది. ఉలూకదత్తుడు, ఇదెవరో పగటివేషగత్తె అనీ, బయటికి గెంటించమనీ అన్నాడు.

ప్రోలనామాత్యుడు మీసం దువ్వుకుని కాసేపు ఆలోచించాడు. తర్వాత గంభీరంగా ప్రకటించాడు. "ఏడో నియమం ప్రకారం, ఒక పీఠానికి ఇద్దరు వస్తే, ముందు కూర్చున్నవారిదే పీఠం. మీకిద్దరికీ సమ్మతమేనా?"

"సమ్మతం" అంది కూర్చున్న గౌరసాని.

నిలబడ్డ గౌరసాని ఆ మాట పూర్తికాకుండానే అందుకుంది. "ఏడో నియమం సభలోకి గొడుగులు తేవడం గురించండీ అయ్యవారూ. మీరు చెప్పేది నలభై ఒకటి. అందులోనైనా ముందు కూర్చున్నవారిదని లేదు, రుజువు చూపినవారిదని ఉంది. ఈ వయసులో మీరే తప్పు చదివితే ఎట్లా?"

సభాపతి ముఖం పున్నమి చంద్రుడిలా విచ్చుకుంది. "రుజువు దొరికింది" అన్నాడాయన. "పొద్దున్నుంచీ ఈ కూర్చున్నావిడ పదకొండుసార్లు సమ్మతమంది. ఇరవై రెండేళ్ళలో గౌరసానమ్మ నోట ఆ మాట నేను ఒక్కసారైనా వినలేదు. పీఠం నిలబడ్డావిడదే."

ఆ తీర్పు పలకడంతోనే కూర్చున్న మనిషి ఉఫ్‌మని కూలి, గుడ్లగూబ ఈకల కుప్పగా మారింది. గౌరసాని ఈకలను చెంగుతో దులిపి తన పీఠం మీద కూర్చుంది. సభలో నవ్వులు, కేకలు. ఆమెకు తెలియకుండానే కళ్ళు చెమర్చాయి. తనను భరించలేరనుకున్న మనుషులు తను వచ్చినందుకు సంతోషిస్తున్నారు.

మరి మిగతా ముప్పైనాలుగు బొమ్మల మాటేమిటని ఆమె అడిగింది. అక్కడ ఉలూకదత్తుడు గట్టివాడని తేలింది. నలభై ఒకటో నియమం ఒక పీఠానికి ఇద్దరు వచ్చినప్పుడే వర్తిస్తుందనీ, మిగతా పీఠాలకు రెండో మనిషి ఎక్కడున్నాడో చూపించమనీ అన్నాడు. వాడూ రాగిరేకులు చదివే వచ్చాడు. సభాపతి విచారంగా, నియమం అలాగే ఉందన్నాడు.

ఇక రెండో మనుషులు వచ్చేదాకా సభను ఆపడమే మిగిలింది. గౌరసాని చీర కుచ్చెళ్ళు సర్దుకుని పని మొదలుపెట్టింది. ముద్రికను ఉలూకదత్తుడికి ఇచ్చే తీర్మానాన్ని తొమ్మిది రోజుల ముందు నగారాగుంజకు కట్టలేదని అడ్డుమాట వేసింది. నగారా వాయించేవాణ్ణి పిలిపించారు. వాడు పొరుగూరి పెళ్ళిలో ఉన్నాడు. వాడొచ్చి, కట్టారనీ, తనే కట్టాననీ, ఏ రంగు దారంతో కట్టిందీ కూడా చెప్పేసరికి మధ్యాహ్నమైంది. ఆ అడ్డుమాట వీగిపోయింది. పీఠం లేనివాడు తీర్మానం ఎలా తెస్తాడని రెండోది వేసింది. దానిమీద ఆమె పది ఘడియలు మాట్లాడింది. ఆమె తాత తట్టల కథలు చెప్పింది, పాత సభల తీర్పులు చెప్పింది, మధ్యలో మంచినీళ్ళు అడిగి తాగింది. చివరకు గానుగవాడ పీఠస్థుడు తల దించుకుని, తీర్మానం తెచ్చింది తానేనన్నాడు. ప్రాణభయం వాడి నుదుటిమీద చెమటై కారుతోంది. అదీ వీగిపోయింది.

ఇంకొకటి వీగితే పీఠం పోతుంది. ఆకాశంలో పక్షి జాడ లేదు. స్తంభం నీడ ఎర్రగీతకు మూరెడు దూరంలో ఉంది.

ఉలూకదత్తుడు ఇక ఓటుకు పెట్టమన్నాడు. ముప్పైనాలుగు బొమ్మలూ ఒకే గొంతుతో సమ్మతమని అరవడానికి నోళ్ళు తెరిచాయి. గౌరసాని పీఠాన్ని చరిచింది.

"నోటిమాట చెల్లదు. నూట ఆరో నియమం. ఒక్క పీఠం కోరినా కుండలో చింతగింజ వేసి తేల్చవలె. నేను కోరుతున్నాను."

అరవై ఏళ్ళుగా ఎవరూ గింజలు వేయలేదని ఉలూకదత్తుడు మండిపడ్డాడు. అరవై ఏళ్ళుగా ఎవరూ అడగలేదని ఆమె జవాబిచ్చింది. రాగిరేకు తెప్పించి తుడిచి చూస్తే నియమం అక్షరం పొల్లు పోకుండా ఉంది. కుండ ఎక్కడుందో ఎవరికీ తెలియకపోతే, సభ వంటశాలనుంచి ఒక చారుకుండ కడిగి తెచ్చారు. ఇంగువ వాసన సభంతా కమ్మింది. ఆ వాసనకు భోజనం మానుకుని కూర్చున్న పెద్దల కడుపుల్లో గుడగుడలు వినిపించాయి. వంటమనిషి సిగ్గుపడుతూ గుప్పెడు చింతగింజలు తెచ్చి దోసిట పట్టుకుంది.

మొదటి వంతు ఉప్పువాడ పీఠానిది. భైరవయ్య రూపంలో ఉన్న బొమ్మ లేచి వచ్చి చేయి చాచింది. వంటమనిషి గింజ పెట్టింది. గింజ అరచేతిలోంచి జారి, నేలమీద టక్కుమంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ టక్కుమంది. గింజ బరువైనా మోయలేని ఆ బొమ్మ, మూడోసారి గింజ పడగానే ఈకలై విడిపోయింది. దాని వెనక వరసలో చామమ్మ బొమ్మ, ఆ వెనక మరొకటి, మరొకటి. ముప్పైనాలుగు బొమ్మలూ ఈకలై గాలికి లేచి, పెద్దల గడ్డాలకూ మీసాలకూ తలపాగాలకూ అంటుకున్నాయి. తుమ్ములూ నవ్వులూ ఒక్కసారే లేచాయి.

ఉలూకదత్తుడు కదలలేదు. "మంచిది" అన్నాడు చల్లగా. "ఆ ముప్పైనాలుగూ కొట్టేయండి. మిగిలినవారు డెబ్భైఆరు మంది. సభ సాగడానికి సగం పైన ఒకరుంటే చాలు. గానుగవాడ, నేతవాడ, గంధపువాడ, రండి, గింజలు వేయండి. మీ ఇళ్ళలో పిల్లలు మీకోసం ఎదురుచూస్తున్నారని మరవకండి."

ఆ చివరిమాటకు నవ్వులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే లేచి కుండవైపు నడవసాగారు. ఎవరి కళ్ళూ ఎవరి కళ్ళను చూడడం లేదు. నీడ ఎర్రగీతకు బెత్తెడు దూరంలో ఉంది. ఆ బెత్తెడులో నలభై గింజలు పడిపోతాయి.

గౌరసాని తన పీఠాన్ని ఒకసారి చేత్తో నిమిరింది. తర్వాత మూడుసార్లు చరిచింది. రావాలనుకున్న ముప్పైనలుగురిని బలవంతంగా ఆపారు, రెండువందల మూడో నియమం ప్రకారం వాళ్ళు వచ్చేదాకా గింజ పడకూడదని చెప్పింది. సాక్ష్యం చూపమని ఉలూకదత్తుడు అడిగాడు. వస్తారంది. ఎప్పుడన్నాడు. వస్తారనే అంది.

సభాపతి బతిమాలాడు. "గౌరసానమ్మా, సాక్ష్యం లేకపోతే ఇది వీగినట్టే. మూడోది. నా చేతులతో నీ పీఠం తీయించకు. వెనక్కి తీసుకో."

"తీసుకోనండీ" అంది ఆమె.

ఆయన తీర్పు చెప్పడానికి దండం ఎత్తాడు. సరిగ్గా అప్పుడు ఆయన తలపాగా మీద నీటిచుక్క ఒకటి పడింది. తర్వాత ముక్కు మీద ఇంకొకటి. మబ్బు లేని ఆకాశంలోంచి వాన ఏమిటని అందరూ తలలెత్తారు.

గండభేరుండం రెండు తలలతో నేరుగా కిందికి దిగుతోంది. దాని గోళ్ళనుంచి దండకు గుచ్చిన పూసల్లా ముప్పైనాలుగు పంజరాలు నీళ్ళు కారుతూ ఊగుతున్నాయి. యువరాజుకు బద్ద లాగే విద్య పట్టుబడక, భటులను నీళ్ళలోకి తోసి, తాళ్ళు కోసి, పంజరాలతో సహా పట్టుకొచ్చాడు. ముందు పంజరంలో భైరవయ్య ఇంకా తిడుతూనే ఉన్నాడు. సభ లేచి నిలబడి ఈలలు వేసింది. పక్షి ఒక్కో పంజరాన్ని ఒక్కో పీఠం మీద గుడ్డు పెట్టినట్టు జాగ్రత్తగా దించింది.

ఉలూకదత్తుడు తొలిసారి అదుపు తప్పాడు. పంజరంలో ఉన్నవాడు పీఠం మీద ఉన్నట్టు కాదని అరుస్తూ, రాజపీఠాన్ని మూడుసార్లు చరిచాడు.

అలాంటి అవకాశం మనిషికి జన్మలో ఒకసారే వస్తుంది. గౌరసాని నెమ్మదిగా లేచి, అతిమర్యాదగా చేతులు జోడించింది. "అడ్డుమాట వేసే హక్కు పీఠం ఉన్నవారికేనండీ, వైద్యులవారూ. మూడో నియమం. మా చిన్నపిల్లలకు నేర్పేది."

సభాపతి దండం నేలకు తాటించి గౌరసాని అడ్డుమాట నిలిచిందన్నాడు. ఆయన మాట ముగిసేలోపల స్తంభం నీడ ఎర్రగీతను ముట్టుకుంది. బయట నగారా మోగింది. గానుగవాడ పీఠస్థుడు చేతిలోని గింజను పారేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గౌరసాని పంజరాల దగ్గరికి పరుగెత్తి చివరి బద్దలు పటపటా లాగుతుంటే, లోపలివాళ్ళు పుచ్చపాదులోంచి కాయల్లా దొర్లి బయటపడ్డారు.

ఆ సందడిలో దిండు మీద ఉంగరాన్ని ఎవరూ చూడలేదు. ఉలూకదత్తుడు దాన్ని అందుకుని శాలువా విదిలించాడు. శాలువా రెక్కలైంది. ఏనుగుగున్నంత గుడ్లగూబ ఒకటి ఉంగరాన్ని కాలిగోట పట్టి, మంటపం నడినెత్తినుంచి పడమటి వెలుగులోకి ఎగిరిపోయింది. సభ ఇవ్వకపోయినా నలభై రోజుల హోమంతో ముద్రికను లోబరుచుకుంటానని దాని అరుపు కొండల్లో మారుమోగింది.

ఇంద్రకేతుడు అప్పటికే పక్షి మెడమీదికి దూకాడు. సభాపతి వాణ్ణి ఆగమన్నాడు. రాగిరేకుల్లో అట్టడుగుదాన్ని తీసి, ఎవరూ ఎన్నడూ చదవాల్సిన అవసరం రాని మూడువందల పన్నెండో నియమాన్ని చదవబోయాడు. గౌరసాని నిట్టూర్చి తనే చెప్పింది. ముద్రిక మంటపం దాటిన నాడు, చివరి అడ్డుమాట నెగ్గినవారే వెంట వెళ్ళి తేవలె.

తనకు ఈ పొద్దు ఇంకా అన్నం దిగలేదని ఆమె వాపోయింది. వంటమనిషి పరుగెత్తి పులిహోర పొట్లం ఒకటి ఆమె కొంగున కట్టింది. ముప్పైనలుగురూ కలిసి ఆమెను పక్షి వీపు మీదికి ఎక్కించారు. చామమ్మ తన పడవతాడు చుట్టను భుజాన తగిలించింది. భైరవయ్య దారిలో వాడుకోమని నాలుగు మంచి తిట్లు చెప్పాడు.

పక్షి ఎగిరింది. ఏడు ప్రాకారాలూ కంకణాల్లా చిన్నవై వెనక్కిపోయాయి. ఉప్పుమడులు అద్దపు పలకల్లా మెరిశాయి. తర్వాత సముద్రం, సముద్రం మీద కరిగించిన రాగిలాంటి వెలుగు, ఆ వెలుగులో ముందుగా ఎగురుతున్న నల్లచుక్క. పులిహోర సగం తనే తిని, సగం యువరాజుకిచ్చి, గౌరసాని గాలికి రేగిన జుట్టును ముడివేసుకుంది. ఆమె ప్రాణం హాయిగా ఉంది. పాట కూడా ఒకటి అందుకుంది.

నల్లచుక్క ఒక ద్వీపం మీద వాలింది. ద్వీపమంతా ఒకే కొండ. ఆ కొండకు నోరుంది. కోటగుమ్మాలంత రాతిపళ్ళు పైనొక వరస, కిందొక వరస. గుడ్లగూబ లోపలికి దూరగానే ఆ పళ్ళు గరగరమంటూ దగ్గరకు రాసాగాయి.

"పెద్దమ్మా, ఆ సందులో పక్షి పట్టదు. మనిద్దరం దూకితే దూరగలం. లోపలికి వెళ్ళాక బయటికి దారి ఉంటుందో ఉండదో" అన్నాడు ఇంద్రకేతుడు.

గౌరసాని అప్పటికే చామమ్మ తాడుకు ఉచ్చువేసి రాతిపంటికి విసిరింది. వాడి నడుము పట్టుకుని దూకింది. ఇద్దరూ ఊగుతూ వెళ్ళి పళ్ళ సందులోంచి లోపల పడ్డారు. వెనక గండభేరుండం రెండు గొంతులతో అరిచింది. కొండ నోరు మూసుకుంది.

లోపల కాటుకలాంటి చీకటి. కాళ్ళ కింద నేల మెత్తగా, వెచ్చగా, మెల్లగా పొంగి అణుగుతోంది. యువరాజు కత్తి దూశాడు. అప్పుడు ఎక్కడో చాలా దగ్గరలో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎంతోకాలంగా మనిషి ముఖం చూడనివాళ్ళు ఇంటికి చుట్టాలొస్తే పలికినంత సంబరంగా, "రండి, రండి, కూర్చోండి. కాని దీపం మాత్రం వెలిగించకండి" అన్నారు.